డిసెంబరులో లైటు కోటు

మన పాలిటెక్నిక్ సంచికలో ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళందరూ ఇప్పటిదాకా తల నెరిసినవాళ్ళే. నాకింకా ముప్పై నిండలేదు. అయినా లైట్లు తయారు చేసే పనిలోకి ఇక జన్మలో వెళ్ళను కాబట్టి, ఆ పని నుంచి మటుకు నేను రిటైరైనట్టే లెక్క. ఆ హక్కుతోనే రాస్తున్నాను.

ఫైనలియర్ అమ్మాయిలు ల్యాబులో ఒకటే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, కంపెనీ ఉద్యోగం ఎందుకు మానేశారు?" నా గొంతు రెండో బెంచీ దాటి వినపడదని మీకు తెలుసు. ఇంత పెద్ద సంగతి నోటితో చెప్పడం నా వల్ల కాదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి కాగితం మీదైతే కాస్త ధైర్యంగా ఉంటాను. ఎవరి పేరూ రాయను. పేర్లు లేకపోయినా తాము ఎవరో వాళ్ళకి తెలుస్తుంది.

డిప్లమా అయ్యాక నేను చేరింది అమలాపురం శివార్లలో ఒకప్పటి కొబ్బరి పీచు గోడౌనులో. అక్కడ క్రిస్మస్ నక్షత్రాలకీ, ఊళ్ళలో జరిగే తీర్థాలకీ, పెళ్ళి పందిళ్ళకీ ఎల్‌ఈడీ లైట్లు తయారు చేసేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని సోల్డరింగ్ చేసేవాళ్ళు. వెలుగుతున్నాయో లేదో చూడటం నా పని. సాయంత్రం బస్సుకి ఇంటికి చేరిపోవచ్చు, ఎక్కువ మాట్లాడక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నక్షత్రాల అట్టపెట్టెల వెనక కూర్చుని లైబ్రరీ నవల చదువుకోవచ్చు. నాకింకేం కావాలి అనుకున్నాను.

ఓనరు గారిని అందరం సార్ అనేవాళ్ళం. చిన్న ఎలక్ట్రికల్ షాపుతో మొదలుపెట్టి పైకి వచ్చిన మనిషి. చెడ్డవాడని రాస్తే ఈ కథ సులువైపోతుంది, కానీ ఆయన చెడ్డవాడు కాదు. ఆయన తమ్ముడు ఒక మునిమాపువేళ మోటారుసైకిలు మీద అరటి గెలలు వేసుకుని వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దేసింది. అక్కడికక్కడే పోయాడు. సార్ ఆ మాట ఎప్పుడెత్తినా ఒకేలా చెప్పేవారు.

"బండికి లైటుందండీ. శుభ్రంగా వెలుగుతోంది కూడాను. గెల కింద వెలుగుతోంది."

మీరు ఈ ప్రాంతం పిల్లలే కాబట్టి మన బళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. వెనక కొబ్బరికాయల బస్తానో, రొయ్యల మేత సంచులో, పాల క్యానులో, పచ్చగడ్డి మోపో లేకుండా మన రోడ్ల మీద తిరిగే మోటారుసైకిళ్ళు తక్కువ. ఆ సరుకు వెనక లైటుని మూసేస్తుంది. కాబట్టి లైటు బండికి కాదు, మనిషి ఒంటికి ఉండాలన్నది సార్ ఆలోచన. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను.

దాన్ని తయారు చేసింది మా సీనియరు. మన పాలిటెక్నిక్‌లోనే చదివాడు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. హుషారైన మనిషి. నన్ను ఏడిపించకపోతే ఆయనకి టీ అరిగేది కాదు.

"ఏమ్మాయ్, ఏదో అన్నావా, ఫ్యాను చప్పుడా?" అనేవాడు. "ఉండు, నీకో యాంప్లిఫయరు చేసి మెళ్ళో కడతాను."

కోటు నల్లటి గుడ్డతో చేసింది, చేతులు లేనిది. వీపు మీద, భుజాల మీద ఎరుపూ పసుపూ ఎల్‌ఈడీ పట్టీలు. జేబులో బ్యాటరీ, నడుం దగ్గర స్విచ్. దారిలో చెయ్యి తగిలి ఆరిపోకూడదని ఆ స్విచ్‌ని అన్నయ్యగారు ప్రత్యేకంగా పెట్టాడు. వెలిగించాలన్నా ఆపాలన్నా కాసేపు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఊరికే తగిలితే పనిచెయ్యదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వెలుగు వీపు మధ్యలో పుట్టి భుజాల దాకా పరిగెత్తి, ఆరి, మళ్ళీ మధ్యలో పుట్టేది. ఇలా మెరవడం ఎందుకంటే, నిలకడగా వెలిగే లైటు కంటే మెరిసే లైటు మీదకి చూపు ముందు వెళ్తుంది, బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది. రెండూ నిజమే. మెరుపుని నడిపే సర్క్యూట్ బోర్డు కొత్తగా చేయించడం ఎందుకని మా దగ్గర ఉన్నదే వాడారు. నక్షత్రాల బోర్డు. నక్షత్రం మధ్యలోంచి కొసలకి వెలుగు ఎలా పరిగెడుతుందో కోటు మీద కూడా అలాగే పరిగెత్తేది. రాజోలు, తాటిపాక, సఖినేటిపల్లి దాకా ఏ ఊళ్ళో చూసినా పండక్కి వెలిగే నక్షత్రాలు చాలావరకు మావే.

పరీక్ష వానాకాలంలో చేశాం. కాలవ గట్టు రోడ్డు మీద సాయంత్రం చీకటి పడుతుండగా అన్నయ్యగారు కోటు వేసుకుని బండి మీద ముందు వెళ్ళాడు. మేము సార్ కారులో వెనక. చుట్టూ వరిచేలు, ఒక్క దీపం లేదు. అన్నయ్యగారు చాలా దూరం వెళ్ళిపోయాడు, మలుపు కూడా తిరిగాడు. అయినా కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఆ వెలుగు కనపడుతూనే ఉంది. సార్ కారాపి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"మావాడికి ఇదుంటేనా..." అన్నారు.

ఆ సాయంత్రం నాకు ఉద్యోగమంటే గర్వంగా అనిపించింది. నేను చదివే నవలల్లో ఇలాంటి చోట అధ్యాయం ముగుస్తుంది.

కొన్ని కోట్లు ఊళ్ళలో తిరిగేవాళ్ళకి ఊరికే ఇచ్చాం. పాలు పోసేవాళ్ళు, రొయ్యల మేత అమ్మేవాళ్ళు, ఒక నర్సు గారు. వారానికోసారి వెళ్ళి ఎలా ఉందో కనుక్కోవడం నా మీద పడింది. ఊళ్ళో ఎవరినైనా పలకరించాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. ఆ నర్సు గారి దగ్గర మాత్రం పట్టలేదు.

ఆవిణ్ణి ఊరంతా సిస్టరు గారు అనేవాళ్ళు. నలభై దాటిన మనిషి. రాజోలు అవతల పల్లెల్లో పిల్లలకి టీకాలు వెయ్యడం ఆవిడ పని. భర్త గల్ఫులో ఉన్నాడు, ఆయన గేర్ల బండి ఈవిడ నడిపేది. వెనక వ్యాక్సిన్ డబ్బా, దాని పక్కన కిందికి వేలాడే సంచీ. బండి వెనక లైటు ఎవరికీ కనపడేది కాదు. కోటు ఇవ్వడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు తిప్పి తిప్పి చూసింది.

"ఇదేసుకుంటే నేను పెళ్ళి ఊరేగింపులా ఉంటానేమోనండి?"

"లేదండి," అన్నాను.

"ఏవన్నారండీ?"

"ఉండరండి."

"ఇంత చిన్నగా మాట్లాడితే ఎలాగండీ? మీకు సూది పొడిచినా అరవరేమో," అని నవ్వి, కోటు తొడుక్కుని, అద్దంలో వీపు చూసుకోవడానికి మెడ తిప్పి నానా అవస్థా పడింది. వాళ్ళ అత్తగారు వాకిట్లోంచి, "మా కోడలు తిరణాలకి బయల్దేరిందమ్మా," అని ఎకసెక్కం ఆడింది.

కొన్ని వారాలయ్యాక సిస్టరు గారు అన్న మాట నాకు బాగా గుర్తు. "ఇన్నాళ్ళూ లారీలోళ్ళకి నా డబ్బా కనపడేదండి. ఇప్పుడు నేను కనపడుతున్నాను. హారను కొట్టి, దూరంగా తప్పుకుని వెళ్తున్నారండి. ఆయ్, నిజంగానండి."

నేను పొంగిపోయాను. సార్‌కి చెప్తే ఆయనా పొంగిపోయారు. అప్పుడే ఒక పెద్ద కంపెనీ తమ ఫీల్డు సిబ్బందికి ఇలాంటివి కొనాలనుకుంటోందని తెలిసింది. క్రిస్మస్ తర్వాత వాళ్ళ మనిషి వచ్చి రైడర్లతో మాట్లాడి ఆర్డరిస్తాడన్నారు.

డిసెంబరు మొదలయింది. మీరే చూస్తుంటారు, మన ఊళ్ళు ఆ నెలలో ఎలా ఉంటాయో. వెదురు గడల మీద నక్షత్రాలు, కంచెల నిండా సీరియల్ లైట్లు, కొబ్బరి మొదళ్ళకి చుట్టిన వెలుగు తీగలు. మాకు అన్నం పెట్టేది ఆ నెలే.

ఒక సాయంత్రం సిస్టరు గారు డ్యూటీ ముగించి బయల్దేరుతుంటే, వెనక నుంచి ఎలా కనపడుతుందో చూద్దామని నా స్కూటీ మీద వెంట వెళ్ళాను. ఊరి ముందు చర్చి దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది. ఆ వంపులోకి వెళ్తున్నప్పుడు మనకి సరిగ్గా ఎదురుగా చర్చి కంచె ఉంటుంది. ఆ కంచె పొడవునా నక్షత్రాలు. మధ్యలో పుట్టి కొసలకి పరిగెత్తే వెలుగు, ఆరడం, మళ్ళీ పుట్టడం.

సిస్టరు గారు మాయమైపోయింది.

ముందుకెళ్ళిపోయిందనుకున్నాను. కాస్త వేగం పెంచాను. ఉన్నట్టుండి నా హెడ్‌లైటు వెలుగులో నీలం రంగు డబ్బా ప్రత్యక్షమైంది. బ్రేకు నొక్కితే స్కూటీ పక్కకి జారింది. ఆవిడ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. కోటు చక్కగా వెలుగుతూనే ఉంది. నేను చూశాను కూడా. చూసి, అది కంచె మీద నక్షత్రం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చెప్పాను. సార్, అన్నయ్యగారు టీ తాగుతున్నారు. రాత్రంతా మనసులో వల్లించుకున్న మాటలే కాబట్టి తడబడలేదు.

"పండగ లైట్లలో కోటు కలిసిపోతోందండి. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. మనిషి కనపడట్లేదండి."

అన్నయ్యగారు గ్లాసు కింద పెట్టాడు. "నీ కళ్ళకేమైనా జోడు కావాలేమోనమ్మాయ్. నవలలు తగ్గించు."

"అన్నయ్యగారూ, మీరొకసారి వచ్చి చూడండి."

"చూడక్కర్లేదు," అన్నాడు. నవ్వడం మానేశాడు. "మన బోర్డే కదా రెండూ." నేను చెప్పిన క్షణంలోనే ఆయనకి అర్థమైపోయింది. ఆ సంగతి ఆయన మొహంలో కనపడింది.

నేను సార్ వైపు తిరిగాను. "మెరుపు తీసేసి నిలకడగా వెలిగేలా ప్రోగ్రాము మారిస్తే చాలండి. భుజాల మీద రెండు నిలువు గీతల్లా. కాసేపట్లో అయిపోతుందండి ఒక్కో కోటుకి. ఏ నక్షత్రమూ అలా వెలగదు కదండీ."

"బ్యాటరీ?" అన్నారు సార్.

"తొందరగా అయిపోతుందండి. రోజూ చార్జింగు పెట్టుకోవాలి."

"రోజూ పెడతారంటావా మనోళ్ళు?" ఆయన కోప్పడలేదు. మెత్తగానే అన్నారు. "చూడమ్మా, ఇప్పుడు మారిస్తే ఇన్ని నెలలు చేసిన పరీక్ష అంతా మళ్ళీ మొదటికొస్తుంది. కంపెనీ ఆయనొచ్చేటప్పటికి మన దగ్గర చెప్పడానికేం ఉండదు. పండగెళ్ళిపోనీ. నక్షత్రాలు దించేస్తారు. అప్పుడు నిదానంగా మారుద్దాం."

"ఈలోగా కోట్లు వెనక్కి తీసుకుందామండి."

"ఏవన్నావమ్మా?"

మళ్ళీ అన్నాను.

"అనవసరంగా జనాన్ని భయపెట్టకు. కోటు తీసేస్తే మాత్రం ఏం కనపడతారు వాళ్ళు?"

సిస్టరు గారికి నేనే వెళ్ళి చెప్పినప్పుడు ఆవిడా అదే అడిగింది. "తీసేస్తే మళ్ళీ డబ్బాయే కదండీ కనపడేది? చర్చి దగ్గర మెల్లిగా వెళ్తానులెండి." మెల్లిగా వెళ్తే వెనక నుంచి వచ్చేవాడి వల్ల ఇంకా ప్రమాదమని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

పండక్కి వారం ముందు. వారం వారం వెళ్ళినట్టే వెళ్ళి సిస్టరు గారింట్లో అరుగు మీద ఆవిడ డ్యూటీ నుంచి వస్తుందని చూస్తూ కూర్చున్నాను. అత్తగారు గవ్వలు వేయిస్తూ, నాకొక పళ్ళెంలో పోసి, వద్దంటే వినకుండా ఇంకాసిని పోసింది. చర్చిలో పాటలు సాధన చేస్తున్నారు. ఆ పాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఎవరో రోడ్డు మీద పరిగెత్తుకుంటూ, "సిస్టరు గారండీ! సిస్టరు గార్ని ఆటో గుద్దేసిందండీ!" అని అరుస్తూ వచ్చారు.

నేను చేరేటప్పటికి ఆవిణ్ణి రోడ్డు వార గడ్డిలో పడుకోబెట్టారు. కుడికాలు చూడలేకపోయాను. వ్యాక్సిన్ డబ్బా బద్దలై మంచు గడ్డలు రోడ్డంతా చెదిరి ఉన్నాయి. కోటు ఇంకా వెలుగుతోంది. ఎరుపూ పసుపూ ఆవిడ భుజం మీదుగా మొహం మీదకి పరిగెత్తుతున్నాయి, ఆరుతున్నాయి.

"ఆ లైట్లాపండమ్మా ఎవరైనా, చూడలేకపోతున్నాం," అంది పాటల గుంపులోంచి వచ్చిన ఒకావిడ.

నేను మోకాళ్ళ మీద కూర్చుని స్విచ్ నొక్కి పట్టుకున్నాను. ఆరింది.

ఆటో అతను పక్కనే నేల మీద కూలబడి తల బాదుకుంటున్నాడు. "చర్చి లైట్లనుకున్నానండి. స్టారనుకున్నానండి బాబూ. మనిషనుకోలేదండి." అదే మాట పదే పదే. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం అంత నిజం మాట్లాడిన మనిషి ఇంకొకడు లేడు. మర్నాడు స్టేషన్లో మాత్రం బండికి లైటూ లేదు, మనిషికి లైటూ లేదు, చీకట్లో ఉన్నట్టుండి ముందు కనపడిందన్నాడట. ఎవరు చెప్పించారో నాకు తెలియదు. ఎవరూ చెప్పించక్కర్లేదు కూడా.

కబురు తెలిసి, కోట్లు కొంటానన్న కంపెనీ మనిషి ముందుగానే దిగాడు. అమలాపురంలో ప్రైవేటు ఆసుపత్రి. సిస్టరు గారి కాలిలో రాడ్డు వేసి వార్డులోకి తెచ్చారు. మందుల మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. మంచం చుట్టూ సార్, అన్నయ్యగారు, కంపెనీ ఆయన. పళ్ళ సంచీ పట్టుకుని నేను వెనక. బత్తాయిలు, యాపిల్స్ సార్ స్వయంగా ఏరి కొన్నారు.

అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. అందరూ అండీ అండీ అనుకుంటూనే ఆ పని చేశారు.

"ఎలా ఉందండీ నొప్పి?" అన్నారు సార్.

"ఉందండి. పర్లేదండి."

"ఆ రోజు కోటేసుకున్నారు కదండీ. స్విచ్ వేసేరా?"

"వేసేనండి. హెల్త్ సెంటర్లోంచి బయల్దేరేటప్పుడే వేసేనండి."

"బాగా గుర్తుందా అండీ? ఎంచేతంటే, తలకి కూడా తగిలింది కదా, డాక్టరు గారేవో చెప్పేరు. పండగ హడావుడి. ఇంటికెళ్ళాలన్న తొందర ఉంటుంది. ఒక్కోసారి మర్చిపోతాం. తప్పేవుందండీ?"

సిస్టరు గారు పైకప్పు వైపు చూసింది. "వేసేననే... వేసేనండి."

"రోజూ చేసే పని కదండీ," అన్నాడు కంపెనీ ఆయన ఎంతో మర్యాదగా. "నిన్న వేసింది ఇవాళ వేసినట్టే అనిపిస్తుంది. నాకూ అంతేనండి, తలుపు తాళం వేసేనో లేదో వెనక్కొచ్చి చూసుకుంటాను."

అందరూ కొంచెం నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, పాపం.

"ఏవోనండి. వేసేననే అనుకుంటున్నాను," అంది.

సార్ కంపెనీ ఆయన వైపు తిరిగారు. "అదీ సంగతండి."

"వెలుగుతోందండి," అన్నాను.

"ఏవమ్మా?" అన్నాడు కంపెనీ ఆయన. "కొంచెం గట్టిగా."

ఆ వార్డులో మిగతా మంచాల వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. నా గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు. "కోటు వెలుగుతూనే ఉందండి. నేను వెళ్ళేటప్పటికి వెలుగుతోంది. నేనే నా చేత్తో ఆపేను. ఆటో అతను చర్చి లైట్లనుకున్నానని అక్కడే అన్నాడు. మిగతా కోట్లన్నీ ఇంకా జనం వేసుకుని తిరుగుతున్నారండి. పండగ దాకా అయినా వెనక్కి తెప్పించండి."

కంపెనీ ఆయన అన్నయ్యగారిని అడిగాడు. "మీరు డిజైనరు కదండీ. పడ్డ దెబ్బకి స్విచ్ నొక్కుకుపోయి, పడ్డాక వెలిగే అవకాశం ఉందా?"

నేను అన్నయ్యగారి మొహమే చూస్తున్నాను. ఆ స్విచ్‌ని అలా పెట్టిన మనిషి ఆయన. దెబ్బకి వెలగకూడదు, దెబ్బకి ఆరకూడదని వారాల తరబడి కూర్చుని, నాచేత బల్ల మీద వేసి కొట్టించి కొట్టించి పరీక్షించిన మనిషి.

"అవకాశం..." అన్నాడు నేల చూస్తూ. "అవకాశం అంటే, ఉండొచ్చండి."

లైటు ఆరి ఉందనుకోవడం అందరికీ కలిసొచ్చింది. ఆటో అతనికి తప్పు తగ్గుతుంది. సార్‌కి ఆర్డరు నిలబడుతుంది. అన్నయ్యగారి బోర్డు మంచిదవుతుంది. కంపెనీ ఆయన రాసుకోవాల్సింది ఒక్క వాక్యంతో అయిపోతుంది. మిగిలింది సిస్టరు గారొక్కతే. ఇచ్చిన లైటు వేసుకోని మనిషిగా ఆవిడ మిగిలిపోయింది.

బయటికొచ్చాక సార్ నాతో అన్నారు. "గోడౌన్లో ఇంతమంది ఆడాళ్ళున్నారమ్మా. ఆర్డరు పోతే వాళ్ళింట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించావా?" ఆలోచించానని చెప్పాను. నిజంగానే ఆలోచించాను. ఆ ప్రశ్న ఆయన నన్ను ఇరికించడానికి అడగలేదు, అది ఆయనకి నిజంగా బాధే.

మర్నాడు గోడౌనుకి వెళ్ళలేదు. గోనెసంచీ ఒకటి స్కూటీకి కట్టుకుని ఊరూరా తిరిగి కోట్లు వెనక్కి అడిగాను. కొందరు ఇచ్చేశారు. పాలు పోసే ఒకాయన మాత్రం ససేమిరా అన్నాడు. "ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారేంటండీ? పిల్లలు ముచ్చట పడుతుంటేను." రొయ్యల మేత అమ్మే ఆయనింటికి వెళ్తే కోటు ఆయన ఒంటి మీద లేదు. పట్టీలు విప్పి గుమ్మం మీద నక్షత్రానికి చుట్టేశాడు. "దీనికే బాగుందండి. అచ్చంగా దీనికోసం చేసినట్టే ఉంది. చూడండి ఎంత కళగా ఉందో."

చూశాను. కళగానే ఉంది.

సంచీ తీసుకెళ్ళి గోడౌను గుమ్మంలో పెట్టాను. గోడౌను సరుకు చెప్పకుండా వెనక్కి తెచ్చినందుకు సార్ నన్ను రావద్దన్నారు. పోలీసుల దాకా వెళ్ళలేదు. అది ఆయన మంచితనం అని సోల్డరింగ్ చేసే ఆడవాళ్ళలో ఒకావిడ నాకు ఫోను చేసి చెప్పింది. "నోరు మెదపనిదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ?" అని కూడా అంది.

ఇక్కడ మీరు నాలాంటి వాళ్ళకి అందరూ ఎప్పుడూ చెప్పే మాట ఒకటి నేనూ చెప్తానని ఎదురుచూస్తుండొచ్చు. గట్టిగా మాట్లాడటం నేర్చుకోండని. చెప్పను. గట్టిగానే మాట్లాడాను ఆ రోజు. వార్డంతా విన్నది.

ఆర్డరు వచ్చింది. అనుకున్నంత పెద్దది కాదు. నక్షత్రాలు దించేశాక కోట్లు బాగానే పనిచేశాయి కూడా, అందులో అబద్ధం లేదు. కానీ ఆ కంపెనీ సిబ్బంది ఉక్కపోతకి వేసుకోలేక మూలన పడేశారట, రెండో ఆర్డరు రాలేదు. అన్నయ్యగారు హైదరాబాదు వెళ్ళిపోయాడు. మెరుపు మార్చే పని ఎవరూ చెయ్యలేదు, మార్చాల్సిన అవసరమే లేకుండా పోయింది.

సిస్టరు గారు ఇప్పుడు కొంచెం ఒరిగి నడుస్తుంది. బండి అమ్మేశారు. హాస్పిటల్లో కూర్చుని చేసే పని ఇచ్చారు. పల్లెల్లో పిల్లలు తనని మర్చిపోయి ఉంటారంటుంది. అప్పుడప్పుడు వెళ్ళి కూర్చుంటాను. అత్తగారు గవ్వలు పెడుతుంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆవిడ తప్పకుండా అడుగుతుంది.

"అమ్మాయి గారూ, ఆ రోజు నేను స్విచ్ వేసేనంటారా?"

"వేసేరండి. నేనే ఆపేను కదండీ."

"నిజంగానా అండి?"

"నిజంగానేనండి."

"ఏవో, ఒక్కోసారి వెయ్యలేదేమో అనిపిస్తుందండి," అంటుంది. వెళ్ళిన ప్రతిసారీ అడుగుతుంది, వెళ్ళిన ప్రతిసారీ చెప్తాను. ఆటో విరిచిన కాలు రాడ్డుతో నిలబడింది. ఆ వార్డులో అంత మర్యాదగా విరిచినదానికి ఏం వెయ్యాలో నాకు తెలియలేదు.

పోయిన డిసెంబరులో రాజోలు నుంచి వస్తూ బజారులో చూశాను. అమ్ముడుపోని కోట్లకి గుడ్డ ఊడదీసి, పట్టీలని నక్షత్రాల లైట్లుగా అమ్ముతున్నారు. చాలామంది కొంటున్నారు. గట్టి సరుకు కదా, వానకి తడిసినా చెడదు.

ఆ సాయంత్రం స్కూటీ మీద ఇంటికొస్తుంటే ఒక మలుపులో ఎదురుగా ఎరుపూ పసుపూ వెలుగు, మధ్యలో పుట్టి పైకి పరిగెత్తి ఆరింది. బ్రేకు గట్టిగా నొక్కేశాను. ఏ నక్షత్రం కనపడినా నాకిప్పుడు అంతే, చెయ్యి దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. వెనకొస్తున్న ఆటో కీచుమని ఆగింది. అతను దిగొచ్చాడు.

"ఏంటండీ, నడిరోడ్డు మీద ఆపేసేరు? గుద్దేసేవాణ్ణి కదండీ!"

"ఎవరో ఉన్నారనుకున్నానండి," అన్నాను.

"ఏవన్నారండీ?"

"ముందు ఎవరో మనిషి ఉన్నారనుకున్నానండి."

అతను మెడ చాచి చూశాడు. కంచె, కొబ్బరి చెట్టు, దానికి వేలాడుతున్న నక్షత్రం.

"అవి లైట్లండి," అన్నాడు జాలిగా. "మనిషెవరూ లేరండి అక్కడ."